తమ్ముడి గొంతు

ప్రసూతి గది ఎదురిల్లు,
సోమవారం

తమ్ముడూ,

ఆపరేషను బాగా జరిగిందని డాక్టరు ఫోను చేసి చెప్పాడు. నెల రోజులు నోరు మెదపకూడదటగా! గుసగుసలు కూడా వద్దట, వాటితోనే గొంతు ఇంకా పాడవుతుందట. ఇన్నేళ్లూ మైకు పట్టుకుని ఊరి చెవులకి చిల్లులు పొడిచినవాడివి, నీకీ శిక్ష పడాల్సిందే అని నవ్వుకున్నాను. నవ్వాక ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. వారం వారం చూపించుకోవాలి కాబట్టి అక్కడే గది తీసుకుని ఉండటం మంచిదే. ఇక్కడికొస్తే వీధి కుక్కనైనా పలకరించకుండా ఉండలేవు నువ్వు.

ఫోను చేస్తే ఊఁ అనడానికి కూడా లేదు నీకు. మెసేజీలంటావా, ఆ బుల్లి అక్షరాల్లో నా కోపం పట్టదు. మన బస్సు డ్రైవరు రోజూ అటే వస్తాడుగా, ఉత్తరాలు అతని చేతికిస్తాను. నువ్వూ అతనికే ఇవ్వు.

ఇక కోపం సంగతికొస్తాను. మన ఎదురుగా ఉన్న ప్రసూతి గదికి కౌన్సిలువాళ్లు తాళం వేశారు. "మరమ్మతుల నిమిత్తం" అని బోర్డు పెట్టారు. ఏం మరమ్మతు? గోడకి ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. మంచాలు పట్టుకుపోయారు. నేను రిటైరయ్యేదాకా పుట్టిన ప్రతి బిడ్డనీ తూచిన త్రాసుని నా కళ్లముందే చెత్త లారీలోకి విసిరేశారు. అడ్డం వెళ్తే, "పక్కకి జరగండి సిస్టరమ్మా, దెబ్బ తగుల్తుంది" అన్నాడు లారీవాడు. వాడు పుట్టినప్పుడు తూచింది కూడా అందులోనే.

తిన్నగా మేయరు దగ్గరికి వెళ్లాను. ఎక్కడ రిబ్బను కనపడితే అక్కడ ప్రత్యక్షమవుతాడని నువ్వే కదా ఆయనకి కత్తెర అని పేరు పెట్టావు. కత్తెరగారు కుర్చీలో వెనక్కి వాలి, "ఈ రోజుల్లో అక్కడెవరు కంటారమ్మా, పెద్దాసుపత్రి ఉందిగా" అన్నాడు. పెద్దాసుపత్రి రైలు గేటుకి అవతల. గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో గేటు వేసినవాడికే తెలీదు. నొప్పులు పడుతున్న మనిషిని గేటు లేచేదాకా ఓపిక పట్టమంటాడా? అసలు సంగతేమిటంటే ఆ స్థలంలో షాపులు కట్టాలి. కట్టేది ఆయన బావమరిది. ఆ బావమరిదే ఇప్పుడు మన వార్డుకి కౌన్సిలరుగా నిలబడుతున్నాడు. కత్తెర మళ్లీ మేయరుకే నిలబడుతున్నాడు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఊరిని పంచేసుకున్నట్టున్నారు.

అందుకని నేనూ నిలబడ్డాను. ఏ పార్టీ తరఫునా కాదు, నా తరఫునే. నామినేషను వేసి వచ్చాను. గుర్తు ఏమిచ్చారో తెలుసా, దువ్వెన. బట్టతలవాడి అక్కకి దువ్వెన గుర్తు. నవ్వుకో, కానీ శబ్దం రాకుండా నవ్వుకో.

అక్క


గొంతు ఆసుపత్రి పక్క సందు, మేడ మీద గది,
గురువారం

అక్కా,

శబ్దం రాకుండా నవ్వడం ఎంత కష్టమో నీకేం తెలుసు? పక్కటెముకలు నొప్పెట్టాయి. ఇక్కడ ఇంటి ఓనరావిడ నేను మూగవాణ్నే కాదు, చెవిటివాణ్ని కూడా అనుకుంటోంది. నేను పలక మీద "టీ" అని రాసి చూపిస్తే, "టీయా?" అని సందు చివరికి వినపడేలా అరుస్తుంది. నా జీవితంలో మొదటిసారి ఎవరో నా మీద అరుస్తుంటే చేతులు కట్టుకుని వింటున్నాను. ఊళ్లో వాళ్లు చూస్తే పండగ చేసుకుంటారు.

త్రాసు సంగతి చదివి ఒళ్లు మండిపోయింది. నువ్వు నిలబడ్డం మంచి పని. నీ దగ్గర పుట్టినవాళ్లూ, నీ చేత తిట్లు తిన్నవాళ్లూ ఓటేసినా చాలు. మన వార్డులో ఆ రెండిట్లో ఒకటైనా కానివాడు ఉన్నాడా?

నా సలహా ఒకటే. ఇల్లిల్లూ తిరుగు. గుమ్మం బయటే నించో, రమ్మంటేనే లోపలికి వెళ్లు. వెళ్లేముందు నీ కోపంలో సగం ఇంట్లో పెట్టి తాళం వెయ్యి, మిగిలిన సగం చాలు ఎవరికైనా. మైకు మాత్రం పెట్టుకోకు. మైక్‌సెట్టు దుకాణం వైపు అసలు వెళ్లకు. ఎందుకని అడక్కు. మైకుతో ఓట్లు పడతాయన్నది మావాళ్లు పొట్టకూటి కోసం పుట్టించిన మాట, అంతే.

నా గొంతు గురించి దిగులు పెట్టుకోకు. బాగానే ఉంది.

తమ్ముడు


ప్రసూతి గది ఎదురిల్లు,
మంగళవారం

ఒరేయ్,

నిన్న వాకిట్లో కూర్చుని కరపత్రాలు మడత పెడుతున్నాను. వీధి మలుపులో నీ గొంతు వినపడింది. నువ్వొచ్చేశావనుకున్నాను. డాక్టరు మాట వినకుండా వచ్చి అరుస్తున్నాడు, వీడి చెంప పగలగొట్టాలి అనుకుంటూ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. మలుపు తిరిగి వచ్చింది మేయరు వ్యాను. అందులో నువ్వు లేవు. నీ గొంతుంది.

"అమ్మలారా, అక్కలారా, అన్నలారా! మీ ఇంటి బిడ్డ, మీ కష్టసుఖాలు తెలిసిన మనిషి..." అంటూ నువ్వు తీసే రాగమే. "మనిషి" దగ్గర ఊపిరి బిగబట్టి ఆగుతావే, ఆ ఆగడంతో సహా. ఆ తర్వాత వచ్చింది బావమరిది పేరు.

మీ ఇంటి బిడ్డట! ఏ ఇంటి బిడ్డ? వాడు పుట్టింది కూడా ఎక్కడో ఖరీదైన ఆసుపత్రిలో. వ్యాను సరిగ్గా మనింటి ముందు ఆగింది. కావాలనే ఆపారు. పక్కింటి దర్జీ ఆవిడ మిషను ఆపి బయటికొచ్చి నన్ను చూసింది. "మీ తమ్ముడు అటువైపా?" అని అడిగింది. అడిగి, నా మొహం చూసి, మళ్లీ లోపలికి పోయింది. సాయంత్రం ఏ గుమ్మం ఎక్కినా అదే ప్రశ్న. సొంత తమ్ముడికే నమ్మకం లేని మనిషికి మేమెందుకు ఓటెయ్యాలి అని మొహం మీదే అన్నాడు మంగలి షాపతను. నీకంటే అన్యాయంగా మూగదాన్నయిపోయాను.

నువ్వక్కడ పలక పట్టుకుని మౌనంగా కూర్చుని నాకు జోకులు రాస్తావు. నీ గొంతు నా గుమ్మంలో నిలబడి నన్ను ఓడించమని ఊరిని వేడుకుంటుంది. ఎందుకని అడక్కు అన్నావు కదూ. అడుగుతున్నాను. ఎందుకు?

అక్క


మేడ మీద గది,
బుధవారం

అక్కా,

చెప్తాను. కాగితం మీదే కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ఆపరేషనుకి ముందు డాక్టరు నాతో, "గొంతు మళ్లీ పాతలా వస్తుందని మాట ఇవ్వలేను" అన్నాడు. ఆ సంగతి నీ దగ్గర దాచాను. నువ్వు తిడతావని కాదు, జాలిపడతావని. మైక్‌సెట్టు దుకాణం ఆయనకి మాత్రం చెప్పాను. "నీ గొంతు పోతే ఊరు మూగబోదూ! నా గదిలో కూర్చుని అన్ని రకాలూ చెప్పేసి పో, రికార్డు చేసి భద్రంగా దాచిపెడతాను" అన్నాడాయన.

తలుపులు బిగించుకుని, హోరు రాకుండా ఫ్యాను ఆపేసుకుని, చెమటలు కక్కుకుంటూ చెప్పాను. పిల్ల తప్పిపోయింది, దుప్పట్లు సగం ధరకే, నీళ్లు రావు, టీకాలు వేస్తారు, ఓటెయ్యండి. మా పనిలో పేరు దగ్గర ఖాళీ వదిలి చెప్తాం. పేర్లన్నీ విడిగా చెప్తాం. ఎవరు పిలిస్తే వాళ్ల పేరు ఆ ఖాళీలో అతికించుకోవడమే. ఊళ్లో నిలబడతారనుకున్న ప్రతివాడి పేరూ చెప్పాను. నువ్వు నిలబడతావని కల్లో కూడా అనుకోలేదు. వాటిని ఎవరికివ్వాలన్నది ఆయనిష్టం అని రాసి సంతకం కూడా పెట్టాను.

డబ్బు కోసమైతే కొంచెం సిగ్గు తక్కువగా ఉండేదేమో. ఒక్క పైసా తీసుకోలేదక్కా. నేను మాట్లాడలేకపోయినా నా గొంతు వీధుల్లో తిరుగుతూనే ఉంటుందంటే ఉబ్బిపోయాను. అది నన్ను వదిలేసి ఎవరి వెంట తిరుగుతుందో ఆలోచించలేదు. నువ్వు నిలబడ్డావని తెలిసిన రోజే నీకు చెప్పాల్సింది. మైకు పెట్టుకోకు అని తెలివిగా రాసి తప్పించుకున్నాను.

మైక్‌సెట్టు ఆయనకి ఆపమని రాశాను. నువ్వు పెట్టిన సంతకం నేను చెరపలేను అని జవాబొచ్చింది. ఎన్ని తిట్లయినా రాయి.

తమ్ముడు


ప్రసూతి గది ఎదురిల్లు,
ఆదివారం

తమ్ముడూ,

తిట్లు రాద్దామనే కూర్చున్నాను. ఈలోగా తిట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారని తేలింది.

కూరగాయల బండి ఆవిడ కోడలికి శుక్రవారం పొద్దున్నే నొప్పులొచ్చాయి. అలవాటుగా ప్రసూతి గదికే తీసుకొచ్చారు. తాళం చూసి అత్తగారు తలుపు మీద దబదబా బాదింది, లోపల ఎవరో ఉన్నట్టు. నేనూ ఆటో ఎక్కాను. రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చి, మన ఖర్మకి సరిగ్గా గేటు మీదే ఆగిపోయింది. ఆ ఆటోలోనే, హారన్ల మధ్య, నా చీర చెంగులో పుట్టింది పిల్ల. చాలాసేపు ఏడవలేదు. ఏడ్చింది చివరికి. తల్లి రక్తం బాగా పోయి పెద్దాసుపత్రిలో ఇంకా మంచం మీదే ఉంది. బతుకుతుందన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆటోలో కాన్పు చెయ్యడం ఇదే మొదలురా.

అదే సాయంత్రం కత్తెర మనింటికొచ్చాడు. పూలగుత్తితో! "మీరు గొప్ప పని చేశారమ్మా, మిమ్మల్ని సన్మానించాలి. ఈ ఎన్నికల గొడవ మీకెందుకు, తప్పుకోండి, ఆరోగ్య సలహాదారుగా వేస్తాను" అన్నాడు. ఆ పూలగుత్తి తీసుకెళ్లి ఆ తల్లి పడక దగ్గర పెట్టి, ఎందుకు పెట్టారో ఆవిడకి చెప్పి రండి, అప్పుడు ఆలోచిస్తాను అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు గుమ్మాల్లో నన్ను నీ గురించి అడగట్లేదు. ఆ పిల్ల గురించే అడుగుతున్నారు. మంగలి షాపతను తనే పిలిచి కూర్చోబెట్టాడు. గెలుస్తాననిపిస్తోంది. నీ మీద కోపం పోలేదు, ఉంది. దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం.

అక్క


మేడ మీద గది,
మంగళవారం పొద్దున

అక్కా,

ఈ ఉత్తరం పొద్దున బస్సుకే ఇస్తున్నాను. చదివిన వెంటనే ఎన్నికల ఆఫీసుకి వెళ్లు.

కత్తెర నిన్ను తప్పుకోమన్నాడని రాశావు. అది చదివాక, మైక్‌సెట్టు ఆయన గదిలో కూర్చుని నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ప్రతి ఎన్నికల్లో ఒకటి పనికొస్తుంది మాకు: ఖాళీ, "గారు పోటీ నుంచి తప్పుకుని మన అభ్యర్థికి మద్దతు ప్రకటించారు." అదీ చెప్పాను. నీ పేరు చెప్పలేదు కాబట్టి పరవాలేదనుకున్నాను. కానీ టీకాల ప్రకటన ఉందిగా, రిటైరైనా వాటికి నువ్వే వెళ్తావు. "సిస్టరమ్మ గారు మీ వీధికి వస్తున్నారు." ఊళ్లో నీ అసలు పేరు ఎవరికి తెలుసు? ఆ ఒక్క ముక్కా కోసి ఈ ఖాళీలో పెట్టడం మైక్‌సెట్టు ఆయనకి చిటికెలో పని.

నా గొంతుతో ఆ మాట వింటే ఊరు నమ్ముతుంది. నేనైనా నమ్ముతాను.

తమ్ముడు


ప్రసూతి గది ఎదురిల్లు,
మంగళవారం, నీ ఉత్తరం అందకముందే రాసింది

తమ్ముడూ,

నేను పోటీ నుంచి తప్పుకున్నానట. నువ్వే చెప్పావు. పొద్దున్నుంచి వార్డంతా చెప్తున్నావు. బావమరిదికి మద్దతు కూడా ప్రకటించానట.

దర్జీ ఆవిడ ఏడుస్తూ వచ్చి, "ఎంతకి అమ్ముడుపోయావు సిస్టరమ్మా?" అంది. కూరగాయల బండి ఆవిడ నన్ను చూసి బండి అటువైపు తిప్పుకుంది. ఆటోలో నా చెయ్యి పట్టుకుని వదలని మనిషిరా అది! లేదమ్మా, అబద్ధం అని ఇంటింటికీ పరిగెత్తి చెప్తున్నాను. "మీ తమ్ముడే చెప్పాడుగా" అంటున్నారు. నేను ఒక వీధిలో చెప్పి వచ్చేసరికి నువ్వు నాలుగు వీధుల్లో చెప్పేస్తున్నావు. ఎన్నికల అధికారి ఫిర్యాదు రాసిమ్మన్నాడు, పోలింగు అయ్యాక విచారిస్తాడట. ఎవరి కోసం విచారిస్తాడు, చచ్చాక?

రేపు సాయంత్రంతో ప్రచారం బందు. నువ్వొచ్చి అబద్ధమని అరిస్తే ఆగుతుందేమో. అడగను. ఒక్క అరుపుతో గొంతు పూర్తిగా పోతుందని డాక్టరు ఎంత గట్టిగా చెప్పాడో నాకు గుర్తుంది. ఓడిపోతే ఓడిపోతాను. నోరు తెరిచావంటే మాత్రం నీకు అక్కనే కాదు.

అక్క


బస్సులో, డ్రైవరు వెనక సీటు,
బుధవారం

అక్కా,

మనిద్దరి ఉత్తరాలూ దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. డ్రైవరు ఈ చీటీ నీకు ఇచ్చేసరికి నేను మన వీధి మొదట్లో ఉంటాను. గదిలో అట్టపెట్టె కోసి మనిషంత దువ్వెన చేశాను. పళ్లు కొంచెం వంకర.

నోరు తెరవను. ఒట్టు.

తమ్ముడు


ప్రసూతి గది ఎదురిల్లు,
పదిహేను రోజుల తర్వాత, గురువారం

తమ్ముడూ,

నువ్వు ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్లిపోయావు. నీ వెనక ఏం జరిగిందో నువ్వు చూడనే లేదు. నేను కూడా మొదలు చూడలేదు, ఎన్నికల ఆఫీసులో ఆ అధికారితో పోట్లాడుతున్నాను. దర్జీ ఆవిడ చెప్పింది. ఈపాటికి వందమందికి చెప్పి ఉంటుంది.

వ్యాను వస్తోందట. నువ్వు దాని ముందు రోడ్డుకి నడిమధ్యన, బట్టతల మెరిసిపోతుండగా, ఆ వంకర పళ్ల దువ్వెన ఎత్తి పట్టుకుని, పెదాలు బిగించి నడుస్తున్నావట. వెనక వ్యాను మీదున్న మైకు హారన్లోంచి నీ గొంతు, "సిస్టరమ్మ గారు పోటీ నుంచి తప్పుకుని" అని గావుకేకలు పెడుతోందట. జనం ముందు నిన్ను చూశారు, తర్వాత హారను చూశారు, మళ్లీ నిన్ను చూశారు. మంగలి షాపతను కత్తెర చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "ఒరే, మన మైకాయన నోరు మూసుకునే ఉన్నాడు, మరి వాగేదెవడ్రా?" అన్నాడట. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వీధి చివరిదాకా పాకింది. వ్యాను డ్రైవరు నిన్ను దాటి పోదామని అటు తిప్పితే నువ్వు అటు, ఇటు తిప్పితే ఇటు. చివరికి వాడే సిగ్గుపడి మైకు కట్టేశాడు. నేను మలుపు తిరిగి వచ్చేసరికి వీధంతా నిశ్శబ్దం. దాని మధ్యన నువ్వు. కూరగాయల బండి ఆవిడ నీ చెమట తుడుస్తోంది. నా కోపం వంతు అక్కడితో అయిపోయింది.

మన వార్డులో నేను గెలిచాను. నీకు తెలుసు. కత్తెర కూడా గెలిచాడు, మిగతా వార్డుల్లో ఆ వ్యాను ముందు ఎవరూ నడవలేదుగా. అక్కడెన్ని అబద్ధాలు చెప్పించాడో! తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మొదటి కౌన్సిలు సమావేశంలో లేచి, ప్రసూతి గది తాళంచెవి ఇవ్వండి అన్నాను. "వచ్చే సమావేశంలో చూద్దాం, కూర్చోండి" అన్నాడు. కూర్చోలేదు. తలుపు తీశాను. బయట వరండాలో మన వార్డు గర్భిణులందరూ ఉన్నారు, ముందే రమ్మని చెప్పాను. లోపలికొచ్చి మెత్తటి కుర్చీలు చూసుకుని కూర్చున్నారు. దర్జీ ఆవిడ కూతురు, నెలలు నిండిన మనిషి, తిన్నగా మేయరు పక్క కుర్చీలో కూలబడి నడుం పట్టుకుంది. "ఆ గది లేదంటే ఇదే గది. నేను చేతులు కడుక్కుని వస్తాను, బల్ల మీద ఆ కాగితాలు తీసెయ్యండి" అన్నాను. కత్తెర మొహంలో నెత్తురు చుక్క లేదు. సమావేశం ముగిసేలోగానే తాళంచెవి వచ్చింది.

మంచాలు తెప్పించాను. త్రాసు మాత్రం దొరకలేదు, కొత్తది కొన్నాం. నిన్న గది తెరుద్దామనుకుంటే గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను, దాని ముందు కత్తెరగారు, పక్కన ఫొటోగ్రాఫరు! "ఈ గదిలో కత్తెర ఉండేది బొడ్డు కొయ్యడానికి. ఇటివ్వండి, మరగబెట్టాలి" అని చేతిలోంచి లాక్కుని లోపలికి పోయాను. ఫొటో ఏం పడిందో నాకు తెలీదు.

అసలు పని మిగిలే ఉంది. గది తెరిచారని సగం ఊరికి తెలీదు. పాపం, ఇంకా రైలు గేటు వైపే పరిగెడుతున్నారు. వీధుల్లో చెప్పించాలి. మైక్‌సెట్టు ఆయన నీ పాత గొంతు ఊరికే ఇస్తానంటున్నాడు. నువ్వేమంటావు?

అక్క


మేడ మీద గది,
శనివారం

అక్కా,

గడువు తీరిందని నిన్న డాక్టరు ఏదైనా ఒక్క మాట అనమన్నాడు. నాకు నోటికొచ్చింది "దువ్వెన". మందులు బుర్రకెక్కాయేమోనని ఆయన కంగారుపడ్డాడు.

పాత గొంతు రాలేదక్కా. వచ్చింది వేరే ఎవరిదో. గరగరమంటోంది, ఎక్కువ దూరం పోదు, రాగం లాగితే మధ్యలో తెగిపోతోంది. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఆ ఏడుపు కూడా నాదిలా లేదు. పొద్దున మెట్లు దిగుతూ ఓనరావిడకి నోటితో టీ చెప్పాను. ఆవిడ అరవకుండా, "ఓహో, మాట్లాడతావా" అని మామూలుగా టీ పోసింది.

ఆ మైక్‌సెట్టు దుకాణంలోది తీసుకోకు, ఊరికే ఇచ్చినా సరే. ఆ గొంతు మన వీధిలో నీ మీద అబద్ధం చెప్పింది. దాంతో ఇప్పుడు నిజం చెప్పించినా నమ్మేవాడు ఎవడు? దాన్ని అక్కడే ఉండనీ, దుప్పట్లు అమ్ముకోనీ.

సోమవారం బస్సుకి వస్తున్నాను. మైకు వద్దు, వ్యాను వద్దు. ఒక్కో గుమ్మం ముందు ఆగి, ప్రసూతి గది తెరిచారు, గేటు దాకా వెళ్లక్కర్లేదు అని చెప్తాను. దూరం పోని గొంతు కాబట్టి దగ్గరికి వెళ్లే చెప్పాలి. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు తిరుగుతాను. ఈ కొత్త గొంతు ఇంతవరకు ఒక్క అబద్ధమూ ఆడలేదక్కా. మొదట ఈ మాటే చెప్పనీ.

తమ్ముడు